హుడినీ దాచిన కాగితాలు

హుడినీ పేరు చెప్పగానే బేడీలు, తాళాలు, నీళ్ళ తొట్టెలో తలకిందులుగా వేలాడే మనిషి గుర్తొస్తాయి. నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం వేరే కారణంతో. పాతకాలపు ఇంద్రజాలికుల ఉత్తరాలు, సంతకాలు, ప్రదర్శనల కరపత్రాలు ఆయన ప్రాణంగా పోగుచేశాడు.

ఆయనా మనలాగే వలస వచ్చినవాడే. 1874లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. అసలు పేరు ఎరిక్ వైస్. 1878లో తల్లి వెంట అమెరికా చేరాడు. తండ్రి విస్కాన్సిన్ రాష్ట్రం యాపిల్టన్‌లో యూదుల మతగురువు. ఆ ఉద్యోగం పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది, పిల్లవాడి చదువు సాగలేదు. అలాంటి రోజుల్లో ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ట్ హుడిన్ ఆత్మకథ దొరికింది. ఇక ఆయనే దేవుడు. ఆ పేరు చివర ఒక ‘ఈ’ తగిలించుకుని హుడినీ అయ్యాడు.

1900లో యూరప్ వెళ్ళి పేరూ డబ్బూ సంపాదించాక, ఆట ఉన్న ఊళ్ళల్లా పాత ఇంద్రజాలికుల కోసం, పోయినవాళ్ళ సమాధుల కోసం వెతికేవాడు. డ్రెస్డెన్ దగ్గర ఫ్రికెల్ అనే వృద్ధుడు ఎవరినీ కలవకుండా బతుకుతున్నాడు. మొదటిసారి ఇంటికి వెళితే దర్శనమివ్వలేదు. హుడినీ వదలలేదు, చివరికి ఒప్పించాడు. తీరా 1903 అక్టోబర్ 8న వెళ్ళేసరికి, రెండు గంటల కిందటే పెద్దాయన కన్నుమూశాడు. అతిథికి చూపించాలని తీసిపెట్టిన జ్ఞాపికలు మాత్రం ఆ గదిలో అలాగే ఉన్నాయి.

మరుసటి ఏడు లండన్‌లో అదృష్టం కలిసొచ్చింది. ఇవానియన్ అనే పేద ఇంద్రజాలికుడు కాగితాల మూటతో హోటల్‌కు వచ్చాడు. జబ్బుతో మంచం మీదున్న హుడినీ, డాక్టర్ వద్దన్నా లేచి మర్నాడు ఆయన ఉండే నేలమాళిగ ఇంటికి వెళ్ళాడు. జీవితమంతా దాచిన కరపత్రాలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. వాటిని కొన్నాడు.

ఆ కాగితాలే ఆయన్ని గురువు మీదికి తిప్పాయి. పూలు పూసి కాయలు కాసే నారింజ చెట్టు గారడీ రాబర్ట్ హుడిన్ సొంతం కాదు, నూరేళ్ళ ముందే అలాంటిది లండన్‌లో చూపించారంటూ, ఇలాంటివన్నీ ఏకరువు పెట్టి 1908లో ఆయన బండారం బయటపెడుతున్నానని ఒక పుస్తకమే అచ్చువేశాడు. నా మటుకు నాకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. పాత విద్యకు మెరుగులు దిద్ది, కొత్త వేషంలో సభ్యసమాజం ముందు నిలబెట్టడం చిన్న పనేం కాదు. అయితే అదే పుస్తకంలో ఫ్రికెల్ ఉన్నాడు, ఇవానియన్ ఉన్నాడు. ఆయన కోపం లేకపోతే వాళ్ళ కథ మనదాకా వచ్చేదా అనిపిస్తుంది.

1926 అక్టోబర్ 31న డెట్రాయిట్‌లో హుడినీ పోయాడు. అపెండిక్స్ పగిలి విషమించింది. వయసు 52. వీలునామా ప్రకారం సుమారు 4,000 పుస్తకాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. నాటకరంగానికి సంబంధించిన కాగితాలు చేతులు మారి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాయి. డల్లస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్ళకు అది మూడు నాలుగు గంటల కారు ప్రయాణం.