ముందు తన ఒంటికే సూది
(వాల్డెమార్ హాఫ్కిన్ జీవితం)

కాలేజీలో చేరబోతే ఒక కాగితాల కట్ట అడుగుతారు. టి.సి., మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్టు, ఇంకా ఎన్నో. 2021లో ఆ కట్టలోకి కొత్తగా మరొకటి వచ్చి చేరింది: కోవిడ్ టీకా వేయించుకున్నట్టు కాగితం. కొన్ని కాలేజీల్లో అది చూపిస్తేగాని తరగతిలోకి రానివ్వలేదు. బలవంతమేమిటని కొందరు, బలవంతం లేకపోతే ఎలాగని మరికొందరు హాస్టలు మెస్సుల్లో గొంతులు పోయేలా వాదించుకున్నారు. నిజానికి ఈ వాదన మన దేశానికి కొత్త కాదు. నూట పాతికేళ్ళ క్రితమే దాని నడుమ నిలబడి, మంచీ చెడూ రెండూ అనుభవించిన మహనీయుడు ఒకడున్నాడు. ఆయనే వాల్డెమార్ హాఫ్కిన్.

హాఫ్కిన్ 1860 మార్చి 15న ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడది రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర జంతుశాస్త్రం చదివాడు. చదువొక్కటే ఆయన లోకం కాదు. ప్రభుత్వానికి కిట్టని విద్యార్థి బృందాల్లో తిరిగాడు. యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగినప్పుడు కాపలా కాసి, దెబ్బలు తిని, అరెస్టయ్యాడు కూడా. మతం మార్చుకుంటే మంచి ఉద్యోగానికి దారి దొరికేది. ఆయన మాత్రం ససేమిరా అన్నాడు. చివరికి దేశం విడిచి జెనీవా వెళ్ళి, 1889లో పారిస్ పాశ్చర్ సంస్థకు చేరాడు. అక్కడ దొరికింది లైబ్రరీ ఉద్యోగం! పుస్తకాలు సర్దుతూనే, మిగిలిన సమయంలో కలరా క్రిములతో పని మొదలుపెట్టాడు.

1892 జూలై 18న తాను తయారుచేసిన కలరా టీకాను మొట్టమొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ మరుసటి ఏడు కలకత్తాలో దిగాడు. ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టే కలరా ఉన్నది ఇక్కడే కదా మరి! మొదట్లో జనం నమ్మలేదు. తెల్లదొర సూది పట్టుకు వస్తే ఎవరు నమ్ముతారు? అందుకని మన దేశపు డాక్టర్లను వెంటబెట్టుకుని బస్తీలకు వెళ్ళాడు. అందరూ చూస్తుండగా తాను సూది వేయించుకున్నాడు. 1894లో కట్టల్ బగాన్ బస్తీలో సుమారు 200 మందిలో 116 మంది వేయించుకున్నారు. ఆ తర్వాత అక్కడ పదిమందికి కలరా సోకి ఏడుగురు చనిపోయారు. ఆ పదిమందీ టీకా వేయించుకోనివాళ్ళే. ఎవరినీ బలవంతపెట్టకుండానే రెండున్నరేళ్ళలో దాదాపు 42 వేల మందికి టీకాలు వేశాడు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. హాఫ్కిన్‌ను పిలిపించి గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా ఇచ్చారు. సహాయానికి ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. అంతే! మూడు నెలల్లో టీకా సిద్ధమైంది. 1897 జనవరి 10న మళ్ళీ ముందుగా తన ఒంటికే సూది. తరువాత బైకుల్లా జైలులో, ముందుకు వచ్చిన ఖైదీలకు వేశారు.

సరిగ్గా ఆ ఏడే ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పూనాలో సోల్జర్లు ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేశారు, మనుషుల్ని శిబిరాలకు తరలించారు. జనం కడుపు మండింది. జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ మీద తుపాకీ పేలింది. హాఫ్కిన్ టీకా మాత్రం ఇష్టపడ్డవారికే. టీకా కాగితం చూపినవారికి కొన్నిచోట్ల శిబిరంలో ఉండే నిర్బంధం నుంచి మినహాయింపు కూడా దొరికింది. ఆగాఖాన్ స్వయంగా బహిరంగంగా టీకా వేయించుకోగా, ఖోజా సమాజంలో వేలమంది ఆయన వెంట నడిచారు.

ఇంతలో పిడుగు పడింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేస్తే 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ 19 మందికీ ఒకే సీసాలోని మందు వేశారు. మిగతా 88 మందికి ఏమీ కాలేదు. అయినా విచారణ సంఘం తప్పంతా హాఫ్కిన్ ప్రయోగశాలదేనంది. ఆయన ఉద్యోగం పోయింది. వైద్యపట్టా లేని జంతుశాస్త్రజ్ఞుడంటూ చులకన చేసినవాళ్ళున్నారు. అసలు జరిగిందేమిటి? గ్రామంలో సీసా బిరడా తీసే పట్టకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. ఈ సంగతి పైకి తేవడానికి ఏళ్ళు పట్టింది. రొనాల్డ్ రాస్ వంటి పెద్దలు పత్రికలకెక్కి పోరాడితే, 1907లో ఆయన మీది మచ్చ తొలగింది. మళ్ళీ కలకత్తా వచ్చాడు గాని, పాత వైభవం తిరిగి రాలేదు. 1925లో బొంబాయిలోని ఆయన ప్రయోగశాలకు హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొజాన్ పట్టణంలో ఒంటరిగా కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు.

2022 మే 2న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదు. అయితే నలుగురి ఆరోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు. హాఫ్కిన్ బతుకు చదివినవారికి ఇందులో రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. ఒంటికి పడక డాక్టరు సలహాపై టీకా మానుకున్న తోటి విద్యార్థికి మినహాయింపు ఇవ్వాల్సిందే. అతన్ని కాపాడేది అతని పక్క బెంచీవాడు వేయించుకున్న టీకాయే. అంచేత ఏ ఇబ్బందీ లేనివాడు ఊరికే మినహాయింపు కోరడం న్యాయం కాదు. అలాగే కాగితం అడిగే అధికారికీ ఒక బాధ్యత ఉంది. టీకా సంగతి విడమరిచి చెప్పాలి, పొరపాటు జరిగితే దాచకుండా ఒప్పుకోవాలి.

మిత్రులారా, ముల్కోవాల్‌లో చనిపోయిన 19 మందీ నమ్మి ముందుకు వచ్చినవాళ్ళే. వాళ్ళనూ మరువకూడదు, ముందు తన ఒంటికే సూది గుచ్చుకున్న ఆ మనిషినీ మరువకూడదు.