నీనెవెను త్రవ్విన లేయార్డు

ఆస్టెన్ హెన్రీ లేయార్డు 1817 మార్చి 5న పారిస్ నగరమందు జన్మించెను. తండ్రి సింహళద్వీపమున ఆంగ్ల ప్రభుత్వోద్యోగిగా పనిచేసినవాడు. బాల్యము చాలవరకు ఇటలీలో గడచెను. పిమ్మట లండనులో మేనమామయొక్క న్యాయవాద కార్యాలయమందు కొన్ని సంవత్సరములు పనిచేసి, విసిగి, 1839లో జీవనోపాధికై సింహళమునకు భూమార్గమున బయలుదేరెను. ఉద్యోగము నిమిత్తము ఖరగ్‌పూరు న్యూ సెటిల్‌మెంటు వంటి దూరపు రైల్వే కాలనీలకు తరలిపోయిన మన తెలుగు కుటుంబములకు ఇట్టి ప్రయాణము క్రొత్తది కాదు. అయితే ఆయన సింహళము చేరనేలేదు. 1840లో మోసూలు పట్టణమున కెదురుగా, హిద్దెకెలు నది ఆవలి యొడ్డుననున్న మట్టిదిబ్బలు ఆయన మనస్సును పట్టుకొనెను.

ఆ దిబ్బలే నీనెవె. ఆ మహాపట్టణము అగ్నిచేత కాలిపోవునని నహూమును, పాడై మందలు పండుకొను చోటగునని జెఫన్యాయు ప్రవచించిరి. క్రీ.పూ. 612లో మాదీయులును బబులోనీయులును దానిని పట్టుకొని నాశనము చేసిరి. క్రీ.పూ. 401లో గ్రీకు సేనాని క్సెనొఫోను ఆ శిథిలముల ప్రక్కగా సైన్యముతో నడచిపోయియు, అది నీనెవె యని యెరుగడాయెను. రెండు వందల పైచిలుకు ఏండ్లలోనే పేరు సహితము మరుగుపడెను!

1845 నవంబరులో లేయార్డు మొదట త్రవ్వినది నిమ్రూదు దిబ్బ. దానినే నీనెవె యనుకొని 1849లో ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. నిజమునకు అది ఆదికాండములోని కాలహు. అసలు నీనెవెయందలి కుయుంజిక్ దిబ్బలో 1847లో సన్హెరీబు రాజగృహము బయటపడెను. డెబ్బదియొక్క గదులును, ఇంచుమించు మూడు కిలోమీటర్ల పొడవున చెక్కడపు పలకలును కనబడెను. వాటిలో అనేకములు అగ్నికి కాలి సున్నమైపోయి యుండెను. నహూము గ్రంథము చదివినవారు ఈ సంగతిని తేలికగా దాటిపోలేరు.

ప్రవచనము సంఘటన జరిగిన పిమ్మట వ్రాయబడినదేమో యని కొందరడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. నహూము క్రీ.పూ. 663లో కూలిన నోఆమోను పట్టణమును గడచిన సంగతిగా చెప్పి, నీనెవె నాశనమును రాబోవుదానిగా చెప్పుచున్నాడు. కావున పలువురు పండితులు ఆ గ్రంథమును ఈ రెంటి నడిమికాలమున నుంచుదురు. అయితే మన బోధకులు కొందరు చెప్పునట్లు ఆ స్థలమున మరెన్నడును మనుష్యులు కాపురముండలేదనుట సరికాదు. లేయార్డు నాటికే రెండవ దిబ్బమీద, యోనా సమాధిగా ముస్లిములు గౌరవించిన మందిరము చుట్టు, గ్రామముండెను. ఆ మందిరము 2014లో ఉగ్రవాదులచేత పేల్చివేయబడెను. నేడు మోసూలు ఇండ్లు ప్రాచీన ప్రాకారములలోనికి వ్యాపించియున్నవి. పడిపోయినది అష్షూరు రాజధాని. అది మరల రాజధానిగా లేవలేదు. వాక్యము చెప్పినంతమట్టుకు చెప్పుట మనకు చాలును.

లేయార్డు 1851లో త్రవ్వకములు మాని, మరుసటి యేట పార్లమెంటు సభ్యుడాయెను. 1857 తిరుగుబాటు కారణములు తెలిసికొనుటకు భారతదేశమునకు వచ్చెను. 1877లో కాన్‌స్టాంటినోపిలునకు రాయబారిగా వెళ్లెను. 1894 జూలై 5న లండనులో మరణించెను.