అన్వారుల్లా ఫారూఖీ

మహమ్మద్ అన్వారుల్లా ఫారూఖీ (1848 - 1918) హైదరాబాదు రాజ్యానికి చెందిన ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితుడు, జామియా నిజామియా విద్యాసంస్థ స్థాపకుడు. ఈయన బిరుదు ఫజీలత్ జంగ్.

బాల్యం, విద్య

ఈయన నాటి హైదరాబాదు రాజ్యంలోని నాందేడ్ ప్రాంతంలో (నేడు మహారాష్ట్రలో ఉంది) జన్మించాడు. లక్నో ఫరంగీ మహల్ పండిత కుటుంబానికి చెందిన అబ్దుల్ హై వద్ద విద్యనభ్యసించాడు.

ఉద్యోగ త్యాగం

యువకుడిగా నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో దస్త్రాలకు సారాంశం వ్రాసే ఉద్యోగంలో చేరాడు. ఒకసారి వడ్డీ వ్యవహారానికి చెందిన దస్త్రం రాగా, దానికి సారాంశం వ్రాయడానికి ఇష్టపడక రాజీనామా చేశాడని ఈయన జీవితచరిత్రలు చెబుతాయి. ఈ నిర్ణయం వెనుక ధర్మశాస్త్రంలోని (ఫిఖ్) కర్మల వర్గీకరణ ఉంది. ఆ శాస్త్రం మానవ కర్మలను స్థూలంగా ఐదు తరగతులుగా విభజిస్తుంది.

* ఫర్జ్ లేదా వాజిబ్: తప్పక చేయవలసినవి. ఉదాహరణకు ఐదు పూటల నమాజు.
* ముస్తహబ్: చేస్తే పుణ్యం, చేయకున్నా పాపం లేనివి. ఉదాహరణకు ఐచ్ఛిక దానం.
* ముబాహ్: చేసినా మానినా పుణ్యపాపాలు లేనివి.
* మక్రూహ్: మానుకోదగినవి.
* హరామ్: నిషిద్ధమైనవి. ఉదాహరణకు వడ్డీ, మద్యపానం.

ఈయన అనుసరించిన హనఫీ సంప్రదాయం ఫర్జ్, వాజిబ్‌లను వేర్వేరుగా పరిగణిస్తుంది. మక్రూహ్‌ను రెండు రకాలుగా విభజిస్తుంది.

జీతానికి వ్రాతపని చేయడం ముబాహ్. కానీ హదీసు వడ్డీ తీసుకొనేవారితో పాటు దాని పత్రం వ్రాసేవారిని కూడా దోషులుగా పేర్కొన్నది. అనగా అనుమతించబడిన పని సైతం, అది దేనికి తోడ్పడుతున్నదో దానిని బట్టి నిషిద్ధం కాగలదు. దస్త్రానికి సారాంశం వ్రాయడం, వడ్డీ పత్రం వ్రాయడం ఒకటే కాదని వాదించే వీలున్నది. అయినా ఈయన ఆ వెసులుబాటు తీసుకొనక జీవనాధారాన్నే వదులుకొన్నాడు.

సేవలు

1870వ దశకంలో హైదరాబాదులో జామియా నిజామియాను స్థాపించాడు. 6వ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు, 7వ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు గురువుగా వ్యవహరించాడు. అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను ముద్రించే దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ (1888) స్థాపకులలో ఒకడు. ఒకనాడు గుమాస్తా కొలువు వదలిన ఈయన, 7వ నిజాం పాలనలో అదే ప్రభుత్వానికి ధార్మిక వ్యవహారాల మంత్రి అయ్యాడు.

రచనలు

* హఖీఖతుల్ ఫిఖ్ (ధర్మశాస్త్ర ఆవశ్యకతపై)
* మఖాసిదుల్ ఇస్లాం
* అన్వారె అహ్మదీ

మరణం

1918లో హైదరాబాదులో మరణించాడు. సమాధి జామియా నిజామియా ఆవరణలోనే ఉంది. ఏ పని ధర్మసమ్మతం, ఏది కాదు అని అడిగేవారికి ఆ సంస్థ నేటికీ ఫత్వాల రూపంలో సమాధానమిస్తున్నది.