చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 నవంబరు 10 - 1884 డిసెంబరు 12) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా తెలుగుదేశానికి వచ్చి, తన జీవితంలో అధికభాగాన్ని తెలుగు భాషాసాహిత్యాలకు వెచ్చించిన ఆంగ్లేయుడు. తెలుగువారికి ఆయన సి.పి.బ్రౌన్‌గా, బ్రౌన్ దొరగా సుపరిచితుడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును నిర్మించాడు. వేమన పద్యాలను సేకరించి ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. పరభాషను మొదట కళాశాలలో ఉద్యోగావసరం కొరకు చదివి, పిమ్మట ఆ భాష మాట్లాడే ప్రజల నడుమ దశాబ్దాల తరబడి అభ్యసించి, తుదకు లండనులో అదే భాషకు ఆచార్యుడు కావడం ఆయన జీవితంలోని విశేషం.

బాల్యము

బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. కంపెనీ ఉద్యోగులకు భారతీయ భాషలు నేర్పడానికి 1800లో కలకత్తాలో నెలకొల్పిన ఫోర్ట్ విలియం కళాశాలకు ఆయన ప్రోవోస్టుగా పనిచేశాడు. బెంగాలీ మొదలైన భాషలలో విశేష కృషి చేసిన విలియం కేరీ ఆ కళాశాలలోనే బోధకుడు. ఈ విధంగా పరభాషాధ్యయనం బ్రౌన్‌కు పుట్టిన ఇంటిలోనే పరిచయమైంది. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అప్పటికి బ్రౌన్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు.

కళాశాల విద్య

కంపెనీ కొలువుకు ఎంపికైన యువకులకు శిక్షణ ఇచ్చేందుకు ఇంగ్లండులో 1806లో ఒక కళాశాల ఏర్పడింది. అది 1809 నుండి హెయిలీబరీలో నడిచింది. చట్టం, చరిత్ర, అర్థశాస్త్రాలతో పాటు ప్రాచ్యభాషలు అక్కడి పాఠ్యాంశాలు. జనాభా సిద్ధాంతంతో ప్రసిద్ధుడైన మాల్థస్ అక్కడ అర్థశాస్త్రం బోధించేవాడు. బ్రౌన్ ఈ కళాశాలలో చదువు ముగించుకుని 1817 ఆగస్టులో మద్రాసు చేరుకున్నాడు.

మద్రాసులో మరొక కళాశాల ఆయన కొరకు వేచి ఉంది. దక్షిణాదికి నియమితులైన యువ ఉద్యోగులు దేశభాషలు నేర్చుకోవడానికి ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ కృషితో 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పాటైంది. తెలుగు, తమిళ, కన్నడాది భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావని, అవి వేరొక భాషాకుటుంబానికి చెందినవని ఎల్లిస్ 1816లో సోదాహరణంగా నిరూపించాడు. ఆ వ్యాసం ఎ.డి.క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా వెలువడింది. అంటే బ్రౌన్ అడుగుపెట్టేనాటికి ఆ కళాశాల పరీక్షలకు తర్ఫీదు ఇచ్చే స్థలమే కాక, భాషాశాస్త్రానికి కొత్త దారి చూపిన స్థలం కూడా.

అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దాడు. మూడేళ్ళ చదువు తరువాత 1820లో పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ సంవత్సరమే మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో గతంలో దత్తమండలాలలో కలెక్టరుగా పనిచేసి తెలుగు నేర్చినవాడు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడన్నది ఆయన అభిప్రాయం.

కడప, మచిలీపట్నం

1820లో బ్రౌన్ కడపలో కలెక్టరుకు సహాయకుడుగా నియమితుడయ్యాడు. కళాశాలలో నేర్చిన తెలుగు ఎంత పరిమితమైనదో కడప కచేరీలో తెలిసివచ్చింది. రైతులు చెప్పుకునే మొర, సాక్షుల వాఙ్మూలం, బజారు మాట, ఏవీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్లు ఉండేవి కావు. పై అధికారి హన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడడం బ్రౌన్‌కు ప్రేరణ అయింది. జనం మాట్లాడే తెలుగును ఆయన మొదట ఇక్కడనే పట్టుకున్నాడు. 1821లో కడపలోను, 1823లో మచిలీపట్నంలోను సొంత ఖర్చుతో ఉచిత పాఠశాలలు పెట్టించాడు.

1822లో మచిలీపట్నానికి బదిలీ అయినాడు. భాష వచ్చింది కాని సాహిత్యం ఇంకా అందలేదు. ఫ్రెంచి మతబోధకుడు అబే దుబాయి హిందువుల ఆచారవ్యవహారాలపై వ్రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన 1824లో ఆయన కంటపడింది. పండితులు కావ్యాలనే కాని వేమనను పాఠంగా చెప్పేవారు కారు. సామాన్యుల నోట మాత్రం ఆ పద్యాలు వినబడుతూనే ఉండేవి. బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులు సేకరించడం ప్రారంభించాడు. మచిలీపట్నపు పండితులు తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్యల సహాయంతో ఛందస్సును, ప్రబంధాలను అభ్యసించాడు.

రాజమహేంద్రవరంలో

1825 ప్రాంతంలో బ్రౌన్ రాజమహేంద్రవరంలో పనిచేశాడు. అప్పటి గోదావరి సీమ నేటి గోదావరి సీమ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం మొదలు కావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పైగా ఉంది. అన్నవరం కొండపై సత్యదేవుని ఆలయం వెలసింది 1891లో, అంటే బ్రౌన్ మరణించిన తరువాతనే. నన్నయ భారతాంధ్రీకరణకు వేదికగా ప్రఖ్యాతిగాంచిన ఆ పట్టణంలో కూడా తెలుగు గ్రంథాలు అచ్చులో దొరికేవి కావు. ఉన్నవన్నీ తాటాకులే. వాటిలో చెదలు తిన్నవి, ఆకులు తప్పిపోయినవి, వ్రాయసగాండ్ర పొరపాట్లతో నిండినవి ఎక్కువ.

1825 నాటికి తెలుగు సాహిత్యం దాదాపు మరణదశలో ఉన్నట్లు తనకు కనిపించిందని బ్రౌన్ తరువాత తన సాహిత్య స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. ఈ మాట కొంత అతిశయోక్తి అనిపించవచ్చు. పండితుల ఇళ్ళలో పురాణపఠనం, శతకాలు, అవధానాలు సాగుతూనే ఉన్నాయి. కాని గ్రంథాల స్థితిని గురించి మాత్రం ఆయన చెప్పినది వాస్తవం. ఒక తాటాకు ప్రతి కొన్ని తరాలకు మించి నిలవదు. దానిని తిరిగి వ్రాయించే పోషకుడు లేకపోతే ఆ కావ్యం అంతటితో అంతరిస్తుంది. సంస్థానాల వైభవం తరిగిన ఆ రోజులలో అటువంటి పోషకులు అరుదైపోయారు. విద్యార్థిగా మొదలైన బ్రౌన్ సంరక్షకుడుగా మారిన సమయం ఇదే.

గ్రంథ పరిష్కరణ

1827లో ఆయన తెలుగు, సంస్కృత ఛందస్సులను ఆంగ్లంలో వివరించే గ్రంథాన్ని మద్రాసులో ప్రచురించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో వెలువరించాడు. అందులో 693 పద్యాలున్నాయి. 1839 నాటి ముద్రణలో ఆ సంఖ్య 1164కు పెరిగింది.

కడపలో ఆయన ఒక బంగళాను కొని, అందులో పండితులను, వ్రాయసగాండ్రను జీతాలిచ్చి నియమించాడు. జనం దానిని బ్రౌన్ కాలేజి అనేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని నిర్వహణ చూసేవాడు. పని జరిగే పద్ధతి ఇది: ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు వేర్వేరు ఊళ్ళ నుండి తెప్పించాలి. వాటిని కాగితాలపైకి ఎత్తి వ్రాయాలి. పాఠభేదాలను పోల్చి చూడాలి. పండితులు సరియైన పాఠాన్ని నిర్ణయించాలి. కష్టమైన కావ్యాలకు టీకలు వ్రాయాలి, పదసూచికలు చేర్చాలి. ఆనాడు ఐరోపాలో ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలకు అనుసరించే పరిష్కరణ పద్ధతిని బ్రౌన్ ఈ విధంగా తెలుగుకు అన్వయించాడు. దీనికి కావలసిన ధనాన్ని తన జీతం నుండి వెచ్చించాడు. అది చాలక అప్పులపాలయ్యాడు.

కరువు, ఉద్యోగ కష్టాలు

1832-33లో గుంటూరు సీమను భయంకరమైన కరువు పీడించింది. దీనిని నందన కరువు అని, డొక్కల కరువు అని అంటారు. ఆ రోజులలో బ్రౌన్ ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. పై అధికారులు కొరత అనదలచుకున్న దానిని ఆయన కరువని వ్రాసి వారి అసంతృప్తికి గురైనాడని చెబుతారు. 1834లో ఆయన పదవికి దూరమయ్యాడు. అప్పులు నెత్తిన ఉండగానే ఇంగ్లండుకు తిరిగి వెళ్ళవలసివచ్చింది.

అయినా లండనులో ఆయన తెలుగును విడువలేదు. సంస్కృత విద్వాంసుడు హొరేస్ హేమన్ విల్సన్ తోడ్పాటుతో కంపెనీ గ్రంథాలయంలోని దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించాడు. మద్రాసులో పనిచేసి 1811లో జావాలో మరణించిన జాన్ లేడెన్ సేకరించిన గ్రంథాలు అక్కడ చదివే దిక్కులేక పడి ఉన్నాయి. వాటిని తిరిగి మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. తాను కొలువు లేక ఉన్న కాలంలో కూడా ఈ గ్రంథాలను వాటిని చదవగలవారి చెంతకు చేర్చడం గమనించదగినది.

నిఘంటువు

1838లో బ్రౌన్ మద్రాసుకు తిరిగివచ్చి పర్షియన్ అనువాదకుడుగా చేరాడు. తరువాత పోస్టుమాస్టర్ జనరల్ మొదలైన పదవులు నిర్వహించాడు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. మద్రాసు సాహిత్య పత్రికలో తెలుగు భాషాసాహిత్యాలను గురించి, జంగాల మతాచారాలను, వాఙ్మయాన్ని గురించి వ్యాసాలు ప్రకటించాడు.

ఆయన కృషికి మకుటాయమానమైనది 1852లో మద్రాసులో అచ్చయిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. ఆ సంవత్సరమే ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం కూడా పూర్తయింది. పూర్వపు నిఘంటువులు కావ్యభాషకే పెద్దపీట వేశాయి. బ్రౌన్ కవుల ప్రయోగాలతో పాటు రైతులు, వర్తకులు, ఇల్లాండ్రు వాడే మాటలను, జాతీయాలను, సామెతలను కూడా చేర్చుకున్నాడు. చ, జ అక్షరాల దంత్యోచ్చారణను చూపడానికి అక్షరంపై ప్రత్యేక చిహ్నం వాడాడు. ఇది తెలుగును చెవితో నేర్చిన పరదేశికి తట్టిన అవసరం. 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువులో కచేరీలలో, వ్యవహారంలో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలను కూర్చాడు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును, తెలుగు వాచకాన్ని కూడా ఆయన సిద్ధం చేశాడు.

చివరి రోజులు

1855 ప్రాంతంలో ఉద్యోగ విరమణ చేసి బ్రౌన్ లండనులో స్థిరపడ్డాడు. 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో మద్రాసులో అక్షరాలు దిద్దిన భాషను అరవైఆరేళ్ళ వయస్సులో తన దేశపు విద్యాలయంలో బోధించే స్థానానికి చేరాడు. ఆయన వివాహం చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండనులో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

అంచనా

బ్రౌన్ కృషిని అంచనా వేసేటప్పుడు రెండు విషయాలు మరువరాదు. మొదటిది, ఆయన తెలుగు నేర్చినది పరిపాలనకు అవసరమైన కారణంగా. హెయిలీబరీ గాని, సెయింట్ జార్జి కోట కళాశాల గాని ఏర్పడినది కంపెనీ రాజ్యాన్ని నడిపేందుకే. కావ్యాల విలువను గురించి ఆయన తీర్పులలో ఆంగ్లేయుని అభిరుచి, కొన్నిచోట్ల తొందరపాటు కనిపిస్తాయి. రెండవది, ఆయన పేరుమీద వెలసిన గ్రంథాల వెనుక అనేకమంది తెలుగు పండితుల శ్రమ ఉంది. వారిలో పలువురి పేర్లు నేడు కొద్దిమందికే తెలుసు. గురువులు లేనిదే ఆ శిష్యుడు లేడు.

ఐనప్పటికీ, ఆ కళాశాలల నుండి తెలుగుదేశానికి వచ్చిన ఉద్యోగులలో అధికులు పరీక్ష ముగియగానే భాషాధ్యయనాన్ని ముగించారు. పరీక్ష తరువాతనే అసలు చదువు మొదలుపెట్టినవాడు బ్రౌన్. ఆ చదువుకు తన జీతాన్ని, ఆరోగ్యాన్ని ధారపోసి, ఫలితాన్ని తిరిగి తెలుగువారికే అప్పగించాడు.

స్మృతి

బ్రౌన్ సేకరించిన గ్రంథాలు మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి మూలనిధులలో ఒకటైనాయి. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ఎం.వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్.క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం పరిష్కరించగా 1903లో రెండవ ముద్రణ వెలువడింది. బ్రౌన్ ఒకనాడు తాళపత్రాల స్థితికి చింతించిన రాజమహేంద్రవరమే వీరేశలింగం జన్మస్థలం. ఆ నిఘంటువు అంతర్జాలంలో కూడా లభిస్తున్నది.

1970లలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బ్రౌన్ లేఖలను, గ్రంథాలను వెలికితీసే పని చేపట్టింది. బంగోరె ఇందులో విశేషంగా శ్రమించాడు. బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్ర 1978లో తిరుపతి నుండి పునర్ముద్రణ పొందింది. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో సి.పి.బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలసింది. దాని నిర్వహణను తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయానికి అప్పగించారు. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన కవి పేరుగల విశ్వవిద్యాలయమే ఆయన గ్రంథాలయానికి ఆశ్రయమైంది. హైదరాబాదు టాంక్‌బండ్‌పై తెలుగు వెలుగుల సరసన ఆయన విగ్రహాన్ని కూడా నెలకొల్పారు.