పిట్ట పేరు అడిగిన పిల్లవాడు: మర్హూం డాక్టర్ సలీం అలీ

ధర్మవరం మగ్గాల చప్పుడు ఎరిగిన మనకు నేతగాడి విలువ వేరే చెప్పనక్కర లేదు. తుమ్మకొమ్మకు గూడు అల్లే గిజిగాడూ నేతగాడే. దాని శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పినస్. ప్లోసియస్ అంటే గ్రీకులో నేతగాడు. రెండో మాట మాత్రం పొరపాటు. ఫిలిప్పీన్స్ పిట్ట అనుకుని 1766లో లిన్నేయస్ అలా పెట్టేశాడు. ఈ గిజిగాడి కాపురం గుట్టు విప్పి చెప్పినవారు మర్హూం డాక్టర్ సలీం అలీ సాహెబ్ గారు.

వీరు 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక బోహ్రా కుటుంబంలో జన్మించారు. మూడేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ గారు పెంచారు. చిన్నతనంలో ఒకనాడు తుపాకీతో పిచ్చుకను కొట్టారు. చూస్తే గొంతు మీద పసుపు మచ్చ! ఇది తినవచ్చునా, హలాలేనా అని సందేహం వచ్చి మామ దగ్గరికి పరుగెత్తారు. మామకూ పేరు తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లార్డ్ దొర పేరు చెప్పి, బీరువాల నిండా ఉన్న పిట్టలను చూపించారు. ఆ పిచ్చుక పేరులోని జాంథోకోలిస్ అనే మాటకు పసుపు మెడ అని అర్థం.

డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. మ్యూజియంలో దొరికిన కొలువు కూడా, జర్మనీలో చదువుకుని వచ్చేసరికి, డబ్బు లేదని పోయింది. ఇంకొకరైతే కుంగిపోయేవారే. వీరు 1930లో కిహీం అనే పల్లెలో గిజిగాళ్ల ముందు కూర్చున్నారు. మగపిట్ట సగం గూడు అల్లుతుంది, ఆడపిట్టకు నచ్చితేనే మిగతాది పూర్తిచేస్తుంది, ఆపైన ఇంకో గూడు మొదలెడుతుంది అని కనిపెట్టారు. తర్వాత హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను లెక్కకు తెచ్చారు. భార్య తహ్మీనా బేగం కూడా ఆ గుడారాల బ్రతుకులో తోడున్నారు. 1934లో ఒక వడ్రంగిపిట్టకు ఆమె పేర తెహ్మినే అని పెట్టారు. 1939లో ఆమె పోయారు. దుఃఖాన్ని దిగమింగి 1941లో భారతీయ పక్షుల పుస్తకం వెలువరించారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. 1987లో అల్లాహ్ సన్నిధికి చేరారు.

ఆయన పేరూ పిట్టలకు ఎక్కింది. ఒక గిజిగాడి తెగకు సలీమలీ అని పెట్టారు. 2016లో హిమాలయాల్లో గుర్తించిన కొత్త పిట్ట కూడా సలీమలీయే.

హిందూపురం దగ్గరి వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగల పేరు మిక్టీరియా ల్యూకోసెఫాలా. ముక్కు, తెల్ల తల అనే మాటలవి. పెనుకొండ నుంచైనా, ధర్మవరం నుంచైనా మన పిల్లలను ఒకసారి తీసుకుపోదాం. వాళ్లు పిట్ట పేరు అడిగితే కసురుకోవద్దు. మనకు తెలియకపోతే తెలిసినవారి దగ్గరికి పంపుదాం. ఆ మేనమామ చేసిందీ అంతే కదా!