కవికోకిల జాషువ

పల్నాటి సీమలో మాచర్ల చెన్నకేశవస్వామిని సేవింపబోవు యాత్రికులకు బ్రహ్మనాయుని చాపకూటి కథ క్రొత్తది కాదు. సుమారు ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఆ విష్ణుభక్తుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, మాల కన్నమదాసును పుత్రునివలె ఆదరించి సేనానిగా నిలిపెననియు వీరగాథలు చెప్పును. అట్టి సీమకు చేరువనున్న వినుకొండలో 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన గుఱ్ఱం జాషువ జన్మించిరి. చాపకూటి కథను పాడుకొను ప్రజలు ఈ బాలునికి పంక్తిలో చోటు చూపలేదు.

తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టిన యిల్లాలు. ఇరువురును క్రైస్తవమును స్వీకరించినవారు. బడిలో చేరిన నాటినుండి తోటి పిల్లలును, ఉపాధ్యాయులును ఆయనను కులము పేరెత్తి గేలిచేయుచుండిరి. బాలుడు ఊరకుండక తిరుగబడుచుండెను.

ఆ గేలిచేసిన పిల్లలకు ఏవగింపు ఎక్కడినుండి వచ్చినది? పసివాడు దానిని తల్లి గర్భమునుండి తెచ్చుకొనడు. ఒకరు ఎదురువచ్చినప్పుడు పెద్దలు చేయిపట్టి ప్రక్కకు లాగుట, దోసిలిలో ఎత్తునుండి నీరు పోయుట చూచును. కారణమడుగు వయసు రాకమునుపే వాని దేహము వెనుకకు జరుగుట నేర్చుకొనును. శౌచమనియు, ఆచారమనియు చెప్పు సమాధానములు పిమ్మట వచ్చి చేరును. అందువలననే ఎంత గొప్ప వాదమైనను ఆ జంకును కదలింపజాలకున్నది.

శౌచమే నిజమైన కారణమైనచో గుంటూరు, ప్రకాశము జిల్లాల చేలలో ఏమి జరుగవలెను? ఎవరి చేతులు ప్రత్తి తీసెనో, ఎవరి చేతులు మిరపపండ్లు కోసెనో ఎవరును అడుగరు. ఆ ప్రత్తి వస్త్రమై పూజామందిరములోనికిని, ఆ మిరప కారమై వంటయింటిలోనికిని పోవును. అడ్డంకి యెల్ల బావికడ, గుడి వాకిట, భోజనపంక్తిలోనే వచ్చును. అనగా భయము ఆ చేతులను గూర్చినది కాదు. సమానుడై ప్రక్కన నిలుచునేమోయన్నదే భయము. తనకు చెప్పుకొనదగిన కలిమి లేనివాడు సైతము తనకంటె దిగువవాడొకడున్నాడను తలంపుతో ఊరడిల్లును. ఆ ఊరటను విడుచుట పొలము విడుచుటకంటె కష్టము.

వినుకొండలో జరిగిన ఒక అవధానసభలో యువకుడైన జాషువ పద్యములు చదివిరి. ఇట్టివానిని సభకు రానిచ్చుట యేమని కొందరు ఆయనను అవమానించిరి. తన కవితను విని మెచ్చినవారే కులమడిగి తెలిసికొని లేచిపోవుటను గూర్చి ఆయన పిమ్మట పద్యము చెప్పిరి. మెచ్చుకొన్నది ఆ శ్రోత హృదయమే. లేపి పంపినది నలుగురేమనుకొందురో యను శంక. ఈ శంక ఒక్క మతమునకు చెందినది కాదు. హిందూ పురాణగాథలను వ్రాయుచున్నాడని క్రైస్తవ సమాజము ఆయన కుటుంబమును వెలివేసెను.

జాషువ మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతమునకు పనిచేసిరి. అది పోయిన పిదప రాజమహేంద్రవరములో 1915-16 ప్రాంతమున మూగచిత్రములకు కథ చదివి వినిపించిరి. తరువాత గుంటూరులో తెలుగు పండితులైరి. ఈ యీతిబాధలలో ఆయనకొక మేలు జరిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనను శిష్యునిగా కైకొని మేఘసందేశ, రఘువంశాది కావ్యములను బోధించిరి.

ఆ పాఠము వ్యర్థము కాలేదు. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యమున కాళిదాసుని మేఘము స్థానములో గబ్బిలము దూతయైనది. ఇంట చొచ్చిన అశుభమని జనులు భావించు ఆ ప్రాణికి ఆలయములో అడ్డులేదు, మనుష్యునికి కలదు. అందుచే ఒక అస్పృశ్యుడు దాని ద్వారా కాశీలోని పరమేశ్వరునికి తన గోడు విన్నవించుకొనును. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో! ఆ కావ్యమును చదివినవాడు కొంత తడవైనను గుడి వెలుపల నిలువక తప్పదు.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో జాషువ పాదమునకు గండపెండేరము తొడిగిరి. తన జీవితమున అంతకు మించిన గౌరవము లేదని జాషువ తలంచిరి. అస్పృశ్యుని పాదమును శతావధాని తాకుట చూచిన సభికులలో నలుగురేమనుకొందురో యను శంకకు ఇక తావెక్కడ? అమెరికా దేశపు మనస్తత్త్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి విషయమునే చర్చించెను. ఇరుగుపొరుగున నివసించినంత మాత్రమున ద్వేషము తగ్గదనియు, సమాన స్థానమున కలిసి, ఒకే పనికై పాటుపడుచు, పెద్దల యామోదము కూడ నున్నపుడే తగ్గుననియు ఆయన నిర్ణయము. బ్రహ్మనాయుని చాపలో ఇవి యన్నియు నున్నవి.

1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ్ పొంది, 1971 జూలై 24న జాషువ గుంటూరులో కన్నుమూసిరి. అస్పృశ్యతను శిక్షార్హము గావించిన చట్టము 1955లోనే వచ్చియుండెను. అయినను 1985లో నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో త్రాగునీటి చెరువుకడ మొదలైన తగవు ఆరుగురు దళితుల హత్యకు దారితీసెను. 1991లో నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు హతులైరి.

జాషువ కుమార్తె హేమలత, గోరాగారి కుమారుడైన లవణమును కులాంతర వివాహమాడెను. పుట్టుకతోనే దొంగలని ముద్రవేయబడిన కుటుంబములు నివసించు స్టువార్టుపురమునకు ఆ దంపతులు పోయి, అచటివారితో కలిసిమెలిసి పనిచేసిరి.