జోతిరావు ఫూలే: పన్ను కట్టేవాని బిడ్డకు బడి అడిగిన మనిషి



మహారాష్ట్రలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు మహాత్మా ఫూలే పేరు కొత్త కాదు. ముంబయి, పుణె మార్కెట్లకే ఆయన పేరున్నది. అయితే ఆయన సర్కారును అడిగినదేమిటో మన పిల్లలకు చెప్పేవారు తక్కువ.

ఆయన 1827లో, పూలు, కూరగాయలు పండించి అమ్ముకొనే మాలీ కులములో జన్మించారు. పసితనములోనే తల్లి పోయింది. తండ్రి గోవిందరావు లోకుల మాట విని కొడుకును బడి మాన్పించి తోటపనిలో పెట్టాడు. పొరుగున ఉన్న ఒక ముస్లిం మున్షీ, ఒక క్రైస్తవ దొర నచ్చజెప్పగా, 1841లో పుణెలోని స్కాటిష్ మిషను బడిలో మరల చేర్చాడు. ఆయనను మనవాడని చెప్పుకొనేవారున్నారు గాని, అది సరి కాదు. ఆయన బాప్తిస్మము పొందలేదు. సృష్టికర్త ఒక్కడే, మనుష్యులందరు సమానులే అన్నది మాత్రము ఆయన గట్టి నమ్మకము.

1848లో పుణెలో ఆడపిల్లలకు బడి తెరిచారు. తాను ఇంట చదువు నేర్పిన భార్య సావిత్రీబాయిని ఉపాధ్యాయురాలిగా నిలిపారు. దారిలో ఆమెపై పేడ, బురద విసిరేవారు. మరుసటి ఏడు తండ్రి ఇద్దరినీ ఇంటినుండి పంపివేశాడు. అయినను అంటరానివారి పిల్లలకు కూడా బడులు పెట్టారు.

1876 నుండి 1882 వరకు ఆయన పుణె మునిసిపాలిటీలో నియమిత సభ్యుడు. వైస్రాయి లిట్టన్ రాకకు ఊరు అలంకరించుటకై వెయ్యి రూపాయల ఖర్చు ప్రతిపాదించారు. ఆ డబ్బు బీదల చదువుకు పెట్టమని ఫూలే వాదించారు. 32 మంది సభ్యులలో వ్యతిరేకముగా ఓటు వేసినది ఆయనొక్కడే! అందరూ నియమితులైన సభలో అంతకంటె ఏమి జరుగును?

1882లో హంటర్ కమిషనుకు ఆయన ఇచ్చిన విన్నపము సారము ఇది. సర్కారు ఖజానా నిండేది రైతుకూలీల చెమటతో, ఖర్చయ్యేది పై కులములవారి పెద్ద చదువులకు. పైవారు చదివితే చదువు కిందికి దిగునన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. కనీసము పన్నెండేండ్ల వయస్సు వరకు ప్రాథమిక విద్య నిర్బంధము చేయాలని, శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు మంచి జీతమియ్యాలని, వ్యవసాయము కూడా నేర్పాలని కోరారు. అక్షరము రాని రైతు పన్ను కట్టగలడు గాని లెక్క అడగలేడు. కచేరీ గుమాస్తా ఏమి వ్రాస్తే దానికే వేలిముద్ర. ఈ మోసములను తరువాత ఒక పుస్తకములో విడమరచి వ్రాశారు.

1873లో ఆయన స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయి తెలుగువారు అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలైన కాంట్రాక్టర్లు సమాజమునకు ముద్రణాయంత్రము కొనియిచ్చారు. పొట్టచేతబట్టుకొని వచ్చిన మన పెద్దలు ఇట్టి పని చేశారన్నది ఎందరికి తెలుసు?

ఫూలే 1890లో మరణించారు. నిర్బంధ విద్య కోసము 1911లో గోఖలే తెచ్చిన బిల్లు ఓడిపోయింది. 1917లో కొల్హాపూరు రాజు షాహూ తన సంస్థానములో అమలు చేశారు. ఫూలేను గురువుగా ఎంచిన డాక్టరు అంబేద్కర్ సారథ్యములో రూపొందిన రాజ్యాంగము పెద్దలందరికి ఓటు ఇచ్చింది. బడిని మాత్రము పదేండ్లలో సాధించవలసిన ప్రయత్నముగానే వ్రాసింది. ఆరు నుండి పద్నాలుగేండ్ల పిల్లలకు అది హక్కుగా అమలులోనికి వచ్చినది 2010 ఏప్రిల్ 1న, ఫూలే విన్నపమిచ్చిన 128వ ఏట.